దామరచర్ల దారిలో అంబాసిడరు

పిల్లలూ! ఈ నెల మనం నల్లగొండ జిల్లాలోని దామరచర్లకు పోదాం. మిర్యాలగూడ నుంచి కృష్ణానది వైపు సుమారు 20 కిలోమీటర్లు పోతే ఈ ఊరు వస్తుంది. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే పెద్ద రోడ్డు ఈ ఊరి మీదుగానే పోతుంది.

మిర్యాలగూడ దాటగానే రోడ్డుకు రెండు పక్కలా వరిపొలాలు కనిపిస్తాయి. ఆ పొలాలకు నీరు నాగార్జునసాగరు ఎడమకాలువది. సాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఆ నీటి మూలంగానే మిర్యాలగూడలో అన్ని బియ్యం మిల్లులు వెలిశాయి. దామరచర్ల దాటి ముందుకు పోతే వాడపల్లి. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమగా ప్రవహించి వచ్చిన మూసీనది ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. ఇక్కడ అగస్త్యేశ్వరుడి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్నాయి. వంతెన దాటితే పొందుగల, అది ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు. ఈ నేలలో సున్నపురాయి ఉన్నది గనక సిమెంటు ఫ్యాక్టరీలు కూడా వచ్చాయి.

ఈ దారిన ఒకప్పుడు పెళ్ళివారినీ, వాడపల్లి యాత్రికులనూ, ఆసుపత్రికి పోయే రోగులనూ మోసిన బళ్ళలో అంబాసిడరు కారు ఒకటి. ఇప్పుడు అవి అరుదు. ఎప్పుడైనా ఒకటి కనిపిస్తే ఆగి చూడండి. గుండ్రని బానెట్టు, ఉబ్బిన మడ్‌గార్డులు, వెడల్పైన సీట్లు, అన్నీ మీ తాతగారి కాలంనాటివే. కాని చెవి ఒగ్గి వినండి! కొన్నిటికి పైరూపం మాత్రమే పాతది. లోపల ఉన్న ఇంజను వేరు.

ఈ కారు కథ ఇంగ్లండులో మొదలయింది. ఆక్స్‌ఫర్డు దగ్గర ఉన్న కౌలీలో మారిస్ కంపెనీవారు ‘మారిస్ ఆక్స్‌ఫర్డు’ అనే కారు తయారు చేసేవారు. దాని మూడవ నమూనాను హిందుస్థాన్ మోటార్స్ వారు మన దేశానికి తెచ్చి, కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 1950ల చివర నుంచి అంబాసిడరు పేరుతో తయారు చేశారు. 2014 మే నెలలో ఆ పని ఆగిపోయింది. అంటే యాభై ఏళ్ళకు పైగా కారు రూపం పెద్దగా మారలేదన్నమాట! కాని లోపలి ఇంజను మాత్రం మారుతూ వచ్చింది.

ఇంజను అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. దామరచర్ల మండలంలో వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం కట్టారు. 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం 4000 మెగావాట్లు. అక్కడ బొగ్గు మండించి నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి టర్బైనును తిప్పుతుంది. మంట ఒకచోట, తిరగటం మరొకచోట. కారులో అలా కాదు. మంట ఇంజను లోపలే పుడుతుంది. సిలిండరు అనే గొట్టంలో పిస్టను కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ పీలుస్తుంది. పైకి వచ్చి వాటిని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే అవి మండి పిస్టనును కిందికి తోస్తాయి. మళ్ళీ పైకి వచ్చినప్పుడు పొగ బయటికి పోతుంది. పీల్చటం, నొక్కటం, మండటం, వదలటం — ఈ నాలుగు పనులే. వీటిలో ఒక్క మండటమే బండిని నడుపుతుంది. తక్కిన మూడూ దానికి సిద్ధం చేసేవీ, దాని తరవాత శుభ్రం చేసేవీ!

అంబాసిడరుకు మొదట 1476 సి.సి. ఇంజను ఉండేది. 1959లో 1489 సి.సి. ఇంజను పెట్టారు. సి.సి. అంటే ఘనసెంటీమీటరు. నాలుగు పిస్టన్లూ పైకీ కిందికీ కదిలేటప్పుడు ఎంత చోటు ఊడుస్తాయో ఆ లెక్క అది. 1489 సి.సి. అంటే సుమారు లీటరున్నర. తరవాత డీజిలు ఇంజను కూడా వచ్చింది. 1990లలో అసలు మార్పు జరిగింది. జపానుదేశపు ఇసుజు కంపెనీ రూపొందించిన 1817 సి.సి. పెట్రోలు ఇంజనును అదే పాత ఒంటిలో అమర్చారు. దాని బలం 75 గుర్రాలు. గేర్లు నాలుగుకు బదులు అయిదు అయినాయి. స్టీరింగు పక్కన ఉండే గేరుకర్ర నేల మీదికి వచ్చింది. రోడ్డు మీద చూసేవారికి మాత్రం అది పాత అంబాసిడరే!

ఇలా ఫ్యాక్టరీవారు చేసిన పనినే కొందరు మెకానిక్కులు తమ షెడ్డులో చేస్తారు. పాత కారు కొని, అందులో కొత్త రకం ఇంజను దించుతారు. చూడటానికి తేలికగానే ఉంటుంది. కాని ఇంజను ఒక్కటీ మారిస్తే చాలదు. దాన్ని పట్టుకునే దిమ్మెలు బరువుకు తగినట్టుండాలి. వెనక చక్రాలకు బలం చేరవేసే షాఫ్టు పొడవు సరిపోవాలి. వేడి ఎక్కువ పుడుతుంది గనక రేడియేటరు పెద్దది కావాలి. అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. ఎందుకో లెక్క వేసి చూడండి.

బండి వేగం రెట్టింపయితే దానిలో ఉన్న శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు నొక్కాక 10 మీటర్లలో ఆగే బండి, 80 కిలోమీటర్ల వేగంలో 40 మీటర్లు పోయిగాని ఆగదు. పైగా డ్రైవరు ప్రమాదం చూసి కాలు కదిపేలోపు గడిచే ఒక్క సెకనులోనే బండి 22 మీటర్లు పోతుంది. టన్నుకు పైగా బరువున్న కారుకు కొత్త బలం ఇచ్చి పాత బ్రేకులు ఉంచితే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. రోడ్డు దాటే రైతు దూరాన పాత కారును చూసి, “ఆఁ, అది మెల్లగా వస్తుందిలే,” అనుకుంటాడు. లోపల ఏముందో ఆయనకెలా తెలుస్తుంది? అందుచేత ఇటువంటి బండి నడిపేవాడు మామూలు డ్రైవరు కన్నా రెండింతలు జాగ్రత్తగా ఉండాలి.

చట్టం కూడా ఈ సంగతి పట్టించుకుంటుంది. ఇంజను మారిస్తే రవాణాశాఖవారికి తెలిపి, రిజిస్ట్రేషను పత్రంలో ఆ మార్పు ఎక్కించుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. 2021లో ప్రభుత్వం ‘వింటేజి’ వాహనాలకు వేరే నియమాలు పెట్టింది. బండికి యాభై ఏళ్ళు దాటాలి, ఒళ్ళూ ఇంజనూ మొదట ఉన్నట్టే ఉండాలి. కనక ఇంజను మార్చిన పాత కారు ఎంత ముచ్చటగా ఉన్నా ఆ గౌరవం పొందలేదు.

మరి ఎవరిది ఒప్పు? పాతదాన్ని ఉన్నదున్నట్టు కాపాడేవారిదా? కొత్త ఇంజను పెట్టి రోజూ నడిపేవారిదా? నన్నడిగితే ఇద్దరూ కావాలి. మొదటివారు లేకపోతే 1959 నాటి ఇంజను చప్పుడు ఎలా ఉండేదో మీకు వినిపించేవారే ఉండరు. రెండవవారు లేకపోతే ఎన్నో మంచి కార్లు ఇనుపసామాను కొట్టుకు పోయేవి. కాని మార్చేవాడు చెయ్యకూడనిది ఒకటున్నది. పరుగెత్తే శక్తి పెంచి, ఆగే శక్తిని మరిచిపోకూడదు.

మీరు వాడపల్లి సంగమానికి పోయినప్పుడు దారిలో పాత అంబాసిడరు కనిపిస్తే, డ్రైవరుగారిని మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి: “అన్నా, దీని ఇంజను ఏ సంవత్సరానిది? గేర్లు ఎన్ని? బ్రేకులు ఎవరు చూశారు?” మొదటి రెండింటికీ జవాబు సంతోషంగా చెబుతాడు. మూడోదానికి కూడా తడుముకోకుండా చెప్పాడంటే, ఆ కారెక్కటానికి మీ నాన్నగారు భయపడనక్కరలేదు.