కమానుల పేర్లు

మా కైకలూరు మద్రసాకు ఒక కమాను కట్టించాలని పెద్దలు నిర్ణయించారు. దానిపై ఏమి రాయించాలన్న చర్చ తెగకముందే, విద్యార్థులను వెంటబెట్టుకొని మేము హైదరాబాదు వెళ్లవలసి వచ్చింది.

కమాన్ అంటే పారసీకంలో విల్లు. ఆ వంపును బట్టే ద్వారానికి ఆ పేరు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ నిర్మించాడు. దానికి ఉత్తరాన, గుల్జార్ హౌజ్‌కు నాలుగు దిక్కులా నిలిచినవి చార్ కమాన్. మఛ్లీ కమాన్ పేరు వినగానే మా పిల్లలకు ప్రాణం లేచివచ్చింది. చేపల చెరువుల నడుమ పుట్టి, ఐసు పెట్టెల లారీలను చూస్తూ పెరిగినవారు మరి! శుభసూచకంగా అక్కడ చేప బొమ్మను వేలాడదీసేవారని చెబుతారు. "ఉస్తాద్, అది శీలావతా, బొచ్చెనా?" అని ఒకడు అడిగాడు. మా వద్ద జవాబు లేదు.

పడమటి కమాను వద్ద మాత్రం మేము చాలాసేపు నిలిచిపోయాము. రాజప్రాసాదానికి దారితీసిన ద్వారమది. దాని పేరు సెహరె బాతిల్, అనగా మాయ వమ్మగు చోటు. చేతబడులు పారకుండా అక్కడ ఖుర్ఆన్ వాక్యాల శిల నిలిపారని ప్రతీతి. (కీడును తొలగించేది అల్లాహ్ యే గాని శిల కాదన్నది వేరే సంగతి.) జనం నోట ఆ 'సెహర్' కాస్తా 'షేర్' అయింది. మాయ పోయి సింహం వచ్చింది! అర్థం తెలియని పేరు అలాగే అరిగిపోతుంది.

మా ఊరి సంగతి గుర్తుకు వచ్చింది. మా ముస్లిం ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవారున్నారు; చదవగలిగేవారు తక్కువ. మస్జిదె నబవీలోని ఒక ద్వారం పేరిట మా కమానుకు 'బాబుస్సలాం' అని నిశ్చయించాము. దానిని ఉర్దూలో మాత్రమే రాయిస్తే, పిల్లలను దిగబెట్టే తల్లులు ఏమి చదువుకుంటారు? 'శాంతిద్వారం' అని తెలుగులో కూడా ఉండాలని తిరిగి వచ్చాక పట్టుబట్టాము.

"మద్రసా మీద కూడా ఉర్దూ అక్షరానికి చోటు తగ్గిస్తారా, మౌల్వీ సాబ్?" అన్నారు ఒక పెద్దాయన. ఆయన బాధ మాకు తెలియనిది కాదు. మేమూ ఆ అక్షరాలతోనే బతికినవారము. చివరకు, తెలుగు అక్షరాలు ఉర్దూకంటే చిన్నవిగా ఉండాలన్న షరతుపై ఒప్పుకున్నారు. ఎంత చిన్నవి అన్నదాని దగ్గర ప్రస్తుతం పని ఆగి ఉంది.