లాడం బల్ల దగ్గర మన కుర్చీ

2021 ఆగస్టు 2, సోమవారం

నిన్నటి నుంచి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి అధ్యక్షత మనది. ఇంగ్లీషు అక్షరక్రమంలో నెలకొక దేశానికి వచ్చే వంతు. ఫ్రాన్స్ అయిపోయింది, మన తర్వాత ఐర్లండ్. ఆన్‌లైన్ క్లాసులో ఈ మాట చెప్పగానే పిల్లల ఉత్సాహం కాస్త తగ్గింది. నాకు మాత్రం అది చిన్న విషయం అనిపించదు. పోయిన ఏడాది జూన్‌లో 192 దేశాలు ఓటేస్తే 184 మనకే వేశాయి. సభ్యులుగా వెళ్ళడం ఇది ఎనిమిదోసారి.

వాళ్ళకు 1950 జూన్ సంగతి చెప్పాను. అప్పుడూ అధ్యక్షత మనదే. మన రాజ్యాంగ రచనకు సలహాదారుగా పనిచేసిన బెనెగల్ నర్సింగ్ రావు గారు ఆ కుర్చీలో ఉన్నారు. 25న ఉత్తర కొరియా దాడిని తప్పుపట్టిన తీర్మానానికి ఓటేశారు. 27న దక్షిణ కొరియాకు సాయంగా రమ్మని దేశాలను కోరే తీర్మానం వచ్చింది. ఢిల్లీ నుంచి ఆదేశం అందకపోవడంతో ఆయన ఓటింగులో పాల్గొనలేదు. తర్వాత ఢిల్లీ దానికి ఒప్పుకుంది గానీ యుద్ధానికి సైన్యాన్ని పంపలేదు, డాక్టర్లను పంపింది. లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వెళ్ళింది. ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయమన్నప్పుడు మందులు, పరికరాలు వదిలేసి రావడానికి వాళ్ళకు మనసొప్పలేదు. ఎవరో వదిలేసిపోయిన రైలింజనును పట్టుకుని, సామానంతా ఎక్కించి, తామే నడుపుకుంటూ బయటపడ్డారు. ఇది విన్నాక పిల్లలు ప్రశ్నలు మొదలుపెట్టారు.

ఆగస్టు 9

సముద్ర భద్రత మీద చర్చ. అధ్యక్షత వహించింది మన ప్రధాని. భారత ప్రధాని ఒకరు మండలికి అధ్యక్షత వహించడం ఇదే మొదలు. 1992 జనవరి 31న దేశాధినేతల స్థాయిలో మండలి తొలిసారి సమావేశమైనప్పుడు అప్పటి మన ప్రధాని పి.వి. ఆ లాడం ఆకారపు బల్ల దగ్గర కూర్చున్నారు. అప్పుడు అధ్యక్షత బ్రిటన్‌ది.

ఆగస్టు 17

నిన్న రాత్రి మండలి సమావేశం చూశాను. మొన్ననే కాబూల్ తాలిబాన్ల చేతికి వెళ్ళింది. అధ్యక్షుడు దేశం వదిలిపోయాడు. అయినా ఆఫ్ఘనిస్థాన్ ప్రతినిధి ఇసాక్‌జాయ్ వచ్చి కూర్చుని, తన ప్రజల ప్రాణాల కోసం మాట్లాడారు. వెనక ప్రభుత్వం లేదు, ముందు మైకు మాత్రం ఉంది. ఆ సభను నడుపుతున్నది సమితిలో మన ప్రతినిధి తిరుమూర్తి గారు. ఇంత దుర్భరమైన రోజున ఆ కుర్చీలో మనవాళ్ళు ఉండటం ఎంత బాధ్యతో అర్థమై చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆగస్టు 19

మనం పెట్టిన 2589వ తీర్మానం నిన్న ఏకగ్రీవంగా నెగ్గింది. శాంతి సైనికులను చంపినవాళ్ళను పట్టుకుని శిక్షించాలని ఆయా దేశాలను కోరే తీర్మానం. ఈ నెలలో మనం చేసిన పనుల్లో నా దృష్టిలో ఇదే పెద్దది. శాంతి దళాల్లో మనవాళ్ళు 170 మందికి పైగా ప్రాణాలిచ్చారు. ఏ దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. 1961 డిసెంబరు 5న కాంగోలో పదహారు మందితో శత్రువు అడ్డుకట్టను ఛేదించి, మెడకు గుళ్ళు తగిలినా వెనక్కి రాని కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర ఇచ్చింది ఆ పోరుకే.

మా వీధిలో ఒక రిటైర్డ్ సుబేదారు గారున్నారు. అదే కాంగోలో, గోమా దగ్గర పనిచేసి వచ్చారు. సాయంత్రం వెళ్ళి ఈ కబురు చెప్పాను. లోపలికి వెళ్ళి నీలి టోపీ తెచ్చి చూపించారు. అంచు దగ్గర చెమట మరక ఇంకా పోలేదు.

“మంచిదే మాస్టారూ. కానీ ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు కాల్చకూడదో రాసిన కాగితం ఎక్కడి నుంచో వస్తుంది. రాసినవాళ్ళు మా పోస్టుకు ఎప్పుడూ రాలేదు. కట్టెలకెళ్ళే ఆడవాళ్ళకు మేము కాపలా వెళ్ళేవాళ్ళం. ఆ దారి ఎంత పొడవో ఆ కాగితం రాసినవాళ్ళకేం తెలుసు?”

అసలు చిక్కు అక్కడే ఉంది. కాంగో తీర్మానాల ముసాయిదా రాసేది ఫ్రాన్స్. ఆ రాతను అమలు చేసేది మన కుర్రాళ్ళు. మండలిలో లేని దేశాన్ని దళాలు అడిగితే, వాటిని వాడే నిర్ణయాల్లో ఆ దేశానికి పాలు ఉండాలని సమితి చార్టర్ 44వ అధికరణం చెబుతోంది. శాశ్వత సభ్యత్వం కోసం మనం చూపించగల బలమైన ఆధారం జనాభా కాదు, ఆర్థిక బలమూ కాదు. ఆ టోపీ.

ఆగస్టు 31

ఆఫ్ఘన్ గడ్డను మరో దేశం మీద దాడికి వాడకూడదన్న 2593వ తీర్మానం 13 ఓట్లతో నెగ్గింది. రష్యా, చైనా తటస్థం. మన నెల ముగిసింది.

2022 ఫిబ్రవరి 26

ఉక్రెయిన్ మీద దాడిని ఖండించే తీర్మానానికి 11 ఓట్లు వచ్చాయి. రష్యా వీటోతో వీగిపోయింది. చైనా, యూఏఈలతో పాటు మనమూ తటస్థం.

మా పక్కింటివాళ్ళ అమ్మాయి ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతోంది. వాళ్ళమ్మ పొద్దున్నుంచీ ఫోను చేత్తో పట్టుకునే తిరుగుతోంది. పిల్లలను క్షేమంగా తెచ్చుకోవాలి, రష్యా ఆయుధాలతో మన సైన్యానికి పని ఉంది. కారణాలు నాకు తెలుసు. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఒక పెద్ద దేశం సరిహద్దు దాటి పొరుగుదేశం మీద పడితే, అది తప్పని చెప్పడానికే కదా ఆ బల్ల వేసింది? దేశాల సార్వభౌమత్వాన్ని గౌరవించాలని మన ప్రకటనలో రాశాం. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

2022 డిసెంబరు 31

మన రెండేళ్ళ గడువు ఈ రాత్రితో ముగుస్తుంది. ఈ నెల అధ్యక్షత మళ్ళీ మనదే. నిర్వహించింది ఇప్పుడు సమితిలో మన ప్రతినిధి రుచిరా కాంబోజ్. 14న సమితి ఆవరణలో గాంధీజీ విగ్రహం వెలిసింది. 21న మయన్మార్‌లో హింస ఆపాలన్న తీర్మానం, ఆ దేశం సమితిలో చేరాక దాని మీద మండలి చేసిన మొదటి తీర్మానం, 12 ఓట్లతో నెగ్గింది. తటస్థంగా ఉన్నవి చైనా, రష్యా, మనం. గాంధీజీని నిలబెట్టిన వారంలోనే ఇలా జరగడం నాకు కష్టంగా ఉంది. సరిహద్దు ఉంది, శరణార్థులున్నారు, సైనిక పాలకులతో మాట్లాడే దారి తెరిచి ఉంచాలి. ఒప్పుకుంటాను. అలాంటప్పుడు ఆ మాట పార్లమెంటులో విడమరిచి చెప్పాలి. ఏ తీర్మానానికి ఎందుకు ఓటేశామో, ఎందుకు వేయలేదో ఈ దేశ ప్రజలకు తెలియాలి. ప్రాణాలిచ్చేది వాళ్ళ పిల్లలే.

2028-29కి మళ్ళీ పోటీ చేస్తామని విదేశాంగ మంత్రి జైశంకర్ ఈ నెలలోనే ప్రకటించారు. నా ఓటు అడిగితే తప్పక వేస్తాను. అక్కడ కూర్చున్నాక మన చెయ్యి కూడా లేవాలి.