రాతిలో సముద్రము

సముద్రమెఱుగని సీమ మాది. కర్నూలు కడప మండలములలో పుట్టి పెరిగి, ఒక్క యలనైనను చూడక ముదుసళ్లయిన స్త్రీలు మా యూరనే పలువురు గలరు. ఐనను మనము వంటయింట పఱచుకొను నాపరాయి సముద్రపు టడుగున పుట్టినదని చెప్పిన నమ్మువారు కొలది.

సోదరీమణులారా! వేంపల్లె చుట్టునున్న కొండరాళ్లపై, అడ్డముగ కోసిన ఉల్లిగడ్డలో వలె, పొరపై పొరగా గుండ్రని గీతలు కానవచ్చును. ఇంచుమించు నూటతొంబది కోట్ల యేండ్లనాడు ఇచ్చట లోతులేని సముద్రముండగా, కంటి కానరాని సూక్ష్మజీవులు వెలుగునకై పైకి ప్రాకుచు, నీటిలోని సున్నమును మన్నును పట్టి కట్టిన కట్టడము లవి. శాస్త్రజ్ఞులు వీనిని స్ట్రొమాటొలైట్లందురు. ఇట్టివి ఆస్ట్రేలియాలోని షార్క్ బే యను చోట నేటికిని సజీవముగ పెరుగుచున్నవి. బేతంచెర్ల నాపరాయియు, బెలుము గుహల సున్నపురాయియు ఆ తరువాతి సముద్రపు బురదయే. అగస్త్యుడు ఆపోశనము పట్టిన నీరు మన సీమదే యైయుండునని మావారు పిల్లలతో నవ్వుచుందురు. ఆయన బడిపంతులు, భూతద్దము చేతికిచ్చి పిల్లలను ఆ కొండలకు త్రిప్పుట ఆయనకు వేడుక. ఆ రాళ్లను చూచిన పిల్లలు సముద్రమును చూపుమని పట్టుపట్టకుందురా?

1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ రెండు మండలముల రాళ్లను గూర్చి గ్రంథము ప్రకటించెను. మరుసటి యేడే అమెరికాలో పెనికీస్ అను చిన్న దీవిలో లూయీ అగాసీ యను పండితుడు వేసవి సముద్రపాఠశాల నెలకొల్పెను. వచ్చిన యేబదిమందిలో స్త్రీలును గలరు. నీటినుండి తీసిన ప్రాణిని స్వయముగ పరిశీలించి తెలిసికొనుటయే యచ్చటి చదువు. ఆ పాఠశాల రెండు వేసవులకే మూతపడినను పద్ధతి నిలిచినది. నేడచ్చటి హైస్కూలు బాలబాలికలు సెలవులలో తీరమున బసచేసి, సన్నని వలతో నీటిపై తేలు సూక్ష్మప్రాణులను పట్టి సూక్ష్మదర్శినిలో చూచుట, నీటి యుప్పును వేడిమిని కొలుచుట, ఆటువేళ రాతిగుంటలలోని జీవులను లెక్కించుట నేర్చుచున్నారు. అట్టి పాఠశాలలు పెక్కింటి రుసుము వేలకొలది డాలర్లు. ఇది నాకు నచ్చలేదు. సముద్రము కలవారి పెరటి బావి కాదు గదా!

మనకును మార్గము లేకపోలేదు. ఇస్రోవారు 2019లో యువికా యను పేర నారంభించిన వేసవి శిక్షణలో, తొమ్మిదవ తరగతి పిల్లలను తమ కేంద్రములకు పిలిపించి, దారిఖర్చు, బస, భోజనము తామే భరించి అంతరిక్షశాస్త్రమును బోధింతురు. సముద్రమునకు గూడ నట్టిది కావలెను. విశాఖపట్టణమున జాతీయ సముద్రశాస్త్ర సంస్థకును, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకును శాఖలున్నవి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1952లోనే అమెరికానుండి వచ్చిన లాఫాండ్ గారును, భూగర్భశాస్త్రాచార్యులు మహదేవన్ గారును సముద్రశాస్త్రమునకు నారుపోసిరి. నాటి పరిశోధనలలో బయల్పడిన నీటిక్రింది లోయలలో నొకటి ఆంధ్ర పేరను, ఒకటి మహదేవన్ గారి పేరను పరగుచున్నవి.

"కరవుసీమ పిల్లకు సముద్రముతో నేమి పని?" అని ఒక తల్లి నన్నడిగినది. అమ్మా, మన వాన పుట్టుచోటు గదా యది! అరేబియా సముద్రపు మబ్బు పడమటి కనుమలపై తన నీరు కుమ్మరించి, మనదాక వచ్చుసరికి వట్టిపోవును. ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతపు వాయుగుండము దయతలచిననే మన చెఱువు నిండును. ఆ సముద్రము ఏ యేట నెంత కాగినదో కొలువనేర్చిన పిల్ల మన సేద్యమునకు అక్కఱకు రాదా?

ఇక ఆడపిల్లనెట్లు పంపుటయను మాట. అదితి పంత్ అను సముద్రశాస్త్రజ్ఞురాలు 1983లో బయలుదేరిన మనదేశపు బృందముతో అంటార్కిటికా మంచునేలకే పోయి వచ్చినది. విశాఖ యొక రాత్రి రైలు ప్రయాణము.

సర్కారువారి పాఠశాల వచ్చుదాక కాచుకొనక, మావారు ఈ వేసవిలో ఎనిమిదిమంది పిల్లలను నాలుగు దినములు విశాఖకు కొనిపోవ సంకల్పించినారు. అందు ఆడపిల్లలు మువ్వురు. కావున నేనును వెడలుచున్నాను. పిండి జల్లించు పలుచని గుడ్డతో వల కుట్టితిని. రాతిగుంటనుండి తీసిన ప్రాణి నుంచి చూచుటకు తెల్ల పింగాణి పళ్లెములు రెండు, చూచిన పిదప దానిని తిరిగి నీటిలోనే విడువవలెనను కట్టడి యొకటి. ఆటుపోటుల లెక్కకు పంచాంగమే చాలినది: అమావాస్యకును పౌర్ణమికిని పోటు మిక్కిలి పొంగి, ఆటు మిక్కిలి తీయును; దాగియున్న రాళ్లన్నియు నపుడే బయటపడును. అందుచే వైశాఖ బహుళ అమావాస్య నేర్పఱచితిమి. ఒక పిల్ల అవ్వ మాత్రము "అమావాస్యపూట ప్రయాణమేమే, తల్లీ!" యని అడ్డము వచ్చినది. ద్వాదశినాడే బండి యెక్కుదుమని చెప్పి యొప్పించితిని. వచ్చునపుడు ఒక సీసా సముద్రపు నీరు తెమ్మని యామె యడిగినది.