65 డాలర్ల కార్డు, రావల్కోల్ లెక్క

మొన్న పొద్దున మెయిల్ తెరిస్తే కాస్ట్‌కో నుంచి ఒకటి. సభ్యత్వం గడువు దగ్గర పడింది, ఆటో రెన్యువల్‌లో 65 డాలర్లు కట్ అవుతాయట. చదువుతున్నది ఎక్కడంటే రావల్కోల్‌లో, మేడ్చల్ పక్కన, మా ఇంటి డాబా మీద. ఇండియా మొత్తంలో కాస్ట్‌కో కొట్టు ఒక్కటి కూడా లేదు.

ఇందులో ఆలోచించడానికి ఏముంది, కాన్సిల్ కొట్టి పని చూసుకోవచ్చు కదా అంటారు. నేనూ అదే అనుకున్నా. కానీ పావుగంట సేపు ఆ మెయిల్ ముందు అలాగే కూర్చున్నా. ఎందుకో చెప్పే ముందు అసలు లెక్క చెబుతాను. ఎమ్మెస్‌కి వెళ్ళిన ప్రతి మనవాడూ మొదటి నెలలోనే అడిగే ప్రశ్న కాబట్టి ఎవరికైనా పనికొస్తుంది.

మామూలు గోల్డ్ స్టార్ కార్డు 2024 సెప్టెంబరు దాకా 60 డాలర్లు, తర్వాత 65 చేశారు. ఎగ్జిక్యూటివ్ కార్డు 120 నుంచి 130 అయింది. ఎగ్జిక్యూటివ్‌లో కొన్నదాని మీద 2 శాతం వెనక్కి వస్తుంది. అంటే పైన కట్టే 65 రావాలంటే ఏడాదికి 3,250 డాలర్లు, నెలకి సుమారు 270 కొనాలి. డాలస్ దగ్గర ఇద్దరం బ్రహ్మచారులం ఉండేవాళ్ళం. ఎంత తిన్నా నెలకి 180 దాటేది కాదు. కాబట్టి ఎగ్జిక్యూటివ్ దండగ. మామూలు కార్డు మాత్రం పెట్రోలు మీదే గిట్టుబాటు అయ్యేది. మా వైపు గాలన్‌కి పావు డాలరు దాకా తేడా ఉండేది, వారానికి 10 గాలన్లు కొట్టించేవాణ్ణి. ఏడాదికి 130 డాలర్లు మిగిలినట్టే. క్యూలో నిలబడ్డ టైము లెక్కలో వెయ్యలేదు లెండి :)

ఇంతవరకు ఎక్సెల్ చెప్పే లెక్క. ఎక్సెల్ చెప్పనిది ఇంకోటుంది. కార్డుకి డబ్బు కట్టేశాం కదా, వసూలు చేసుకోవాలని మనసు పీకుతుంది. పాల కోసం వెళ్ళి 140 డాలర్ల బిల్లుతో బయటపడటం మామూలే. ఇద్దరికి రెండు డజన్ల మఫిన్లు, కుండీడంత పాలకూర. అందులో సగం చెత్తబుట్టలోకి. కంపెనీకి 2024 ఆర్థిక సంవత్సరంలో సభ్యత్వ రుసుముల మీదే సుమారు 480 కోట్ల డాలర్లు వచ్చాయి. నికర లాభం సుమారు 740 కోట్లు. సరుకు మీద తక్కువ మార్జిన్ వేసుకుని కార్డు మీద సంపాదించే వ్యాపారం అది. అందులో మోసం ఏమీ లేదు, నచ్చకపోతే రుసుము మొత్తం వెనక్కిస్తారు కూడా. పారేసిన పాలకూర తప్పు నాదే.

ఇలా ఆలోచిస్తుంటే బాపు పైకి వచ్చాడు.

"ఏందిరా, పొద్దుగాలనే ఫోన్ పట్టుకొని గట్ల గూసున్నవ్?"

"ఏం లేదు బాపూ, అమెరికాల దుకాణం కార్డు. ఏడాదికోసారి పైసలు కట్టాలె. కట్టాల్నా వద్దా అని చూస్తున్న."

"సామాన్ కొననీకి ముందుగాలనే పైసలు కట్టాల్నా? మన దుకాణంల సామాన్ తీస్కపోయినంక గూడ నెల దాకా కడ్తలేరు గదరా!"

మాది ఊళ్ళో చిన్న కిరాణా దుకాణం. అది నన్ను బీటెక్ దాకా చదివించింది. బాపు దగ్గర కూడా ఒకప్పుడు ఇలాంటి కార్డు ఉండేది, కూకట్‌పల్లి వైపు మెట్రోది. దానికి రుసుము లేదు, కానీ దుకాణం కాగితాలు చూపించాలి. విదేశీ కంపెనీలు టోకు వ్యాపారం నూటికి నూరు శాతం పెట్టుబడితో చేసుకోవచ్చు. అన్ని రకాల సరుకులూ నేరుగా జనానికి అమ్మాలంటే మాత్రం ఆంక్షలున్నాయి. 2012లో 51 శాతం దాకా అనుమతిచ్చారు గానీ, బోలెడు షరతులు, పైగా రాష్ట్రం ఒప్పుకోవాలి. అందుకే మెట్రో అయినా, వాల్‌మార్ట్ వారి బెస్ట్ ప్రైస్ అయినా దుకాణదారులకే కార్డులిచ్చాయి. తర్వాత 2020లో బెస్ట్ ప్రైస్ ఫ్లిప్‌కార్ట్ చేతికి, 2023లో మెట్రో రిలయన్స్ చేతికి వెళ్ళాయి.

"మరి నీకు గా కార్డు గిట్టిందా బాపూ?" అని అడిగా.

ఆయన చెప్పిన లెక్క ఇది. ఇరవై వేల సామాను తెస్తే ఇక్కడి ధర కన్నా ఎనిమిది వందలు మిగిలేది. రానూపోనూ 60 కిలోమీటర్ల దాకా, ట్రాలీ ఆటోకి పన్నెండు వందలు. అంటే ఒక్కడే పోతే నాలుగు వందలు నష్టం. అందుకని పక్క ఊళ్ళ దుకాణాల వాళ్ళు ఇద్దర్ని కలుపుకునేవాడు. ముగ్గురికీ ఒకటే ఆటో, మనిషికి నాలుగు వందలు. అప్పుడు నాలుగు వందలు మిగులు. వాళ్ళిద్దరూ రాని నెల ఆయనా పోలేదు. తర్వాత ఏజెన్సీ బండ్లు దుకాణం దగ్గరికే రావడం మొదలయ్యాక కార్డు పక్కన పెట్టేశాడు.

"కార్డు ఉన్నదని పోతే ఎట్లరా? సామాన్ అమ్ముడుపోతదా లేదా అది జూడాలె. అమ్ముడుపోని సామాన్ అగ్గువకు తెచ్చినా పిరమే."

నేను మఫిన్లు పారేసి నేర్చుకున్నది ఆయన ఎక్సెల్ లేకుండా ఎప్పుడో తెలుసుకున్నాడన్నమాట.

ఇక ఆ పావుగంట సంగతి. నా ఓపీటీ మూడేళ్ళలో మూడుసార్లు హెచ్-1బి లాటరీ వేశారు, మూడుసార్లూ నా పేరు రాలేదు. తిరిగొచ్చి ఇక్కడే ఉద్యోగం వెతుక్కున్నా. వారానికి మూడు రోజులు రింగు రోడ్డు మీద ఆఫీసుకి, మిగతా రోజులు ఇక్కడి నుంచే. అడిగినవాళ్ళకి "ఒకట్రెండేళ్ళు, మళ్ళీ వెళ్తా" అని చెబుతూ వచ్చా. 2025 సెప్టెంబరులో, బయటి దేశాల్లో ఉన్నవాళ్ళ కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక కూడా అదే మాట చెప్పా. ఆ 65 డాలర్లు సరుకుల కోసం కాదు, ఆ మాట నిలబెట్టుకోవడం కోసం. కార్డు కాన్సిల్ చేస్తే "వెళ్ళడం లేదు" అని నాకు నేనే రాసిచ్చినట్టు అవుతుందని భయం. విచిత్రం ఏమిటంటే, కాస్ట్‌కో టెక్నాలజీ సెంటరు హైదరాబాదులో పెడుతుందని 2025లోనే వార్తలొచ్చాయి. కొట్టు రాకపోయినా కోడు రాసే పని ఇక్కడికి వస్తోందన్నమాట.

బాపు వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగాడు. "మల్ల పోతవా?" ఆయన ఈ మాట అడగటం ఇదే మొదటిసారి.

"ఎర్కలేదు బాపూ" అన్నాను. తిరిగొచ్చాక ఈ విషయంలో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

ఆయన ఏమీ అనలేదు. "దుకాణంల కూసో, నేను స్నానం చేసొస్త" అని దిగిపోయాడు. నేను ఆటో రెన్యువల్ ఆపేసి కిందికి వెళ్ళా. ఒకవేళ మళ్ళీ వెళ్తే కొత్త కార్డు తీసుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఈమాత్రం తట్టడానికి పావుగంట పట్టింది నాకు.

మీ పర్సులో కూడా ఇలాంటి కార్డు ఒకటి ఉండే ఉంటుంది. గిట్టుబాటు లెక్క వేసే ముందు, అది దేనికోసం కడుతున్నారో ఒక్కసారి చూసుకోండి.