బాపు అంగీమీది దుమ్ము

మా బాపు బట్టల మిల్లులో బాయిలర్ ఖాతాలో పనిచేసేవాడు. ఆవిరి పైపులకు చుట్టిన పాత ఆస్బెస్టాస్ తాడు ఊడబీకి, కొత్తది చుట్టి, ఆ పొడినే నీళ్లలో కలిపి పైన మెత్తడం ఆయన పని. వర్లీలో మా చాళీకి వచ్చేసరికి అంగీ, తల, కనుబొమ్మలు అన్నీ తెల్లగా ఉండేవి. "పిండిగిర్నికెళ్లి వచ్చినవా బాపూ?" అని నవ్వేటోళ్లం. అవ్వ ఆ అంగీని గ్యాలరీలో దులిపి, మోరీలో ఉతికేది. దులిపేటప్పుడు ఒక అంచు నేను పట్టుకునేదాన్ని.

1982 సమ్మెతో ఆ పని పోయింది. దుమ్ము కూడా పోయిందనుకున్నాం. పదిహేనేండ్ల తర్వాత బాపుకు ఆయాసం, పొడి దగ్గు మొదలైనయి. రెండంతస్తులు ఎక్కడానికి మూడుచోట్ల ఆగేవాడు. దవాఖానలో టీబీ అన్నారు. తెమడలో క్రిములు దొరకలేదు, అయినా నెలల తరబడి మందులు మింగాడు. బీడీ తాగుతవా అని అందరూ అడిగారు. ఏం పని చేసినవని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు, చెప్పాలని మాకు తెలియదు.

చివరికి ఒక డాక్టరమ్మ అడిగింది. ఎక్స్‌రే చూపిస్తూ ఇట్లా చెప్పింది. ఆస్బెస్టాస్ ఒక రాయి, కానీ పోగులు పోగులుగా విడిపోతుంది. కంటికి కనపడనంత సన్నటి పోగులు శ్వాసతో పాటు ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల దాకా పోతాయి. వాటిని మింగడానికి వచ్చిన ఒంటి కణాలు పొడుగు పోగుల్ని మింగలేక చచ్చిపోతాయి. అక్కడ వాచి వాచి మచ్చ కడుతుంది. స్పాంజిలాంటి ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది. పని మానినా పోగులు పోవు. రోగం బయటపడటానికి 10, 20 ఏండ్లు, క్యాన్సరైతే 30, 40 ఏండ్లు కూడా పట్టొచ్చు. ఆ మచ్చను మాపే మందు లేదు. పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా ఎన్నో రెట్లు.

"ఇంట్లో ఆయన బట్టలు ఎవరు ఉతికారు?" అని ఆమె అడగ్గానే అవ్వ నా దిక్కు చూసింది. తర్వాత తీసిన అవ్వ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైపొర మీద మచ్చలు కనపడ్డాయి. నాకు ఇంతవరకు ఏమీ లేదు. ఏటేటా చూపించుకుంటున్న.

ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి 40 ఏండ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏండ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా ఉంచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈఎస్ఐ చట్టం వృత్తి రోగాల పట్టికలో ఆస్బెస్టాసిస్ కూడా ఉండేది. కానీ బాపు ఆ ఖాతాలో పనిచేసినట్టు మా దగ్గర ఒక్క చిట్టీ మిగల్లేదు. ఆయన టీబీ రోగిగానే పోయాడు, కాగితం మీద.

మొన్న పక్కింటి పిల్లగాడు పాత సిమెంటు రేకును కట్టర్‌తో కోస్తుంటే అవ్వ దగ్గుకుంటనే బయటికొచ్చి ఆపింది. "కొయ్యకు, పలగ్గొట్టకు బిడ్డా. నీళ్లతోని తడిపి నిండు రేకే దించు" అన్నది.

మన ఇండ్లల్ల పెద్దోళ్లు ఏ ఖాతాలో, ఏం పని, ఎన్నేండ్లు చేసిన్రో ఒక కాగితం మీద రాసి పెట్టండి. పాత పగారు చిట్టీలు పారేయకండి. డాక్టరు అడగకపోయినా ఆ కాగితం ముందర పెట్టండి.