దూరం చెప్పే దీపం

1943 నాటి జి.ఎం.సి. సైనిక ట్రక్కు అది. రబ్బరు పెళుసై రాలిపోయిన తీగలన్నీ తొలగించి, ఆ విశ్రాంత హవల్దారు పాత దారుల వెంటనే కొత్త తీగలు పరచాడు. 6 వోల్టుల బ్యాటరీ కలిపినా వెనుక దీపం వెలగలేదు. మనవడు కొత్త బల్బు తెచ్చాడు. తాత వారించి, దీపం బిగించే చోట రంగును, తుప్పును ఇనుము మెరిసేవరకు గీకాడు. ఎర్త్ కుదిరింది, చిన్న ఎర్రని వెలుగు మేల్కొన్నది.

“ఇంత మసకగానా, తాతయ్యా?”

“శత్రు విమానానికి కనబడరాదు, వెనుక వచ్చే డ్రైవరుకు కనబడాలి. ఒక్క చుక్క కనిపిస్తే అతడు వెనుకబడ్డాడన్నమాట. రెండు కనిపిస్తే 60 నుంచి 180 అడుగుల సరైన దూరం. నాలుగైతే మరీ దగ్గర.”

1971లో, చీకటి కాన్వాయిలో, ముందరి బండికి ఈ చుక్క వెలగక దానిని ఢీకొని అతని స్నేహితుడు మరణించాడు. ఆ సంగతి మనవడికి చెప్పలేదు. మరలను మరొక్కసారి బిగించాడు.