నీడ పోయిన మొక్కల కోసం కడియానికి

రాజమహేంద్రవరం నుంచి జాతీయ రహదారి మీద వేమగిరి, కడియపులంక వైపు వస్తే రోడ్డుకు రెండు పక్కలా కడియం నర్సరీలే. ధవళేశ్వరం ఆనకట్ట కాలువ నీరు పారే నేల ఇది. మా పెరటి వేపచెట్టు వేసవి గాలివానకు కూలి, దాని చాటున పెరిగిన ఆంథూరియంలు, ఫెర్న్‌లు, తమలపాకు తీగ ఒక్కసారిగా ఎండపాలయ్యాయి. నీడ మొక్కలూ పెంచే ఇక్కడివాళ్లు ఏం చేస్తారో చూద్దామని వెళ్లాను.

నర్సరీ పెద్దాయన విషయం వినగానే, ‘‘మొక్కల్ని పీకలేదు కదండీ?’’ అని అడిగారు. లేదన్నాక స్థిమితపడ్డారు. ‘‘మండుటెండల్లో వేరు కదిపితే ఎండదెబ్బకి వేరుదెబ్బ కూడా తోడవుద్దండి. ముందు నీడ కట్టండి. మార్చేది వానలు పడ్డాక.’’

లోపలికి తీసుకెళ్లి మనీప్లాంట్ ఆకులు రెండు కోసి చేతిలో పెట్టారు. నీడనిచ్చే వల కింద పెరిగినది పల్చగా, వెడల్పుగా ఉంది; ఆరుబయట పెరిగినది చిన్నది, దళసరిది. నీడలో విచ్చుకున్న ఆకు ఆ నీడకు తగ్గట్టే తయారవుతుంది. తర్వాత ఎండ తగిలితే మాడుతుంది, ఆ మచ్చ మళ్లీ పచ్చబడదు. వెలుగులో పుట్టే కొత్త ఆకులే ఎండను తట్టుకుంటాయి. అందుకే ఆరుబయట తోటలకు పంపే మొక్కల్ని ఇక్కడ దట్టమైన వల కింద నుంచి పల్చటి వల కిందికి, ఆపైన ఎండలోకి విడతలవారీగా మారుస్తారు. నా మొక్కలకు దక్కనిది ఆ వ్యవధేనని అప్పుడు అర్థమైంది.

చాలా మొక్కలకు 50 శాతం షేడ్ నెట్ చాలు. ఫెర్న్‌లకు, ఆంథూరియంలకు 75 శాతం కావాలి. ఆకుల మీద పరచకుండా తలకంటే ఎత్తున కట్టాలి, పడమటి వైపు కిందికి వేలాడదీయాలి. మొక్కల్ని చంపేది మధ్యాహ్నం తర్వాతి ఎండే. మాడిన ఆకుల్ని వెంటనే కత్తిరించకూడదు, కింది చిగుళ్లకు అవే గొడుగు. కోలుకునేదాకా యూరియా వేయొద్దు. వాడినట్టు కనిపించగానే నీళ్లు గుమ్మరించకుండా మట్టిలో వేలు పెట్టి చూడాలి. క్రోటన్లకు మాత్రం ఈ హడావిడి అక్కర్లేదు. కాస్త అలవాటు పడ్డాక వెలుగులోనే వాటి రంగు తేలుతుంది.

కుండీల్లో కొబ్బరి పొట్టు నింపుతున్న మామ్మ, వలలు లేని రోజుల్లో కొబ్బరి మట్టలతోనే చలువ పందిళ్లు వేసేవాళ్లమంది. కోనసీమ కొబ్బరితోటల్ని కూల్చిన 1996 నవంబరు 6 తుపాను మాట కూడా ఎత్తింది. ‘‘పెద్దచెట్లు పోయాక కింద మొక్కలు ఏడ్చాయి బాబూ’’ అంది.

అవిసె సంగతి చెప్పిందీ ఆవిడే. తమలపాకు తోటల్లో తీగకు ఊతంగా, నీడగా పెంచేది ఆ చెట్టునే. ఏడాది తిరక్కుండానే తల ఎత్తుతుంది. ఎక్కువ కాలం నిలవదు కాబట్టి పక్కనే పొగడో, కానుగో, నేరేడో నాటాలి. అవి ఎదిగాక అవిసెను తీసేయొచ్చు.

చెట్టు కూలిన పెరడు మీకూ ఉంటే ఇవాళే పడమటి వైపు వల కట్టండి, లేదా మట్టలతో పందిరి వేయండి. తొలకరి పడగానే అవిసెనూ పొగడనూ కలిపి నాటండి. వల ఎన్నేళ్లో ఉండదు, చెట్టు మాత్రం కావాలి.